ఏడో ఏటి బీడు

పూర్వం టైగ్రిస్ నది ఒడ్డున హదారా అనే చిన్న రాజ్యంలో అజర్యా అనే యూదు రాజు ఉండేవాడు. మనిషి మంచివాడే కానీ, చక్రవర్తి మనుషులు ఏమడిగినా కాదనలేని పిరికివాడు. అతని తాతకు కిరీటం పెట్టింది పార్థియా చక్రవర్తి. ఇచ్చినవాళ్ళు ఎప్పుడు తీసేసుకుంటారోనని అజర్యాకు భయం. అందుకే గుర్రాలు అడిగితే ఇచ్చేవాడు, వంతెన పనికి మనుషులను అడిగితే పంపేవాడు.

ఒక ఏడాది చక్రవర్తి పంపగా బగదాతు అనే రాజదూత వచ్చాడు. సరిహద్దులో చక్రవర్తి సైన్యం పెరిగిందనీ, దాని తిండికోసం హదారా పొలాలన్నిటా గోధుమ చల్లించాలనీ చెప్పాడు. అది ఏడో సంవత్సరం. ఆరేళ్ళు పండించి, ఏడో ఏట నేలను బీడు పెట్టాలని యూదుల ధర్మశాస్త్రం. ఆ సంగతి తెలిసి కూడా అజర్యా అలవాటు కొద్దీ సరేనని తల ఊపాడు.

మర్నాడు చాటింపు వేయించారు. ఒక్క రైతూ నాగలి కట్టలేదు. అందరూ వచ్చి కోట ముందు కూర్చుని, చంపినా సరే ఈ ఏడు దున్నేది లేదన్నారు. భటులను పంపి దున్నించమని బగదాతు పట్టుబట్టాడు. అజర్యాకు దిక్కు తోచలేదు. తల్లి షెలోమీతు దగ్గరికి వెళ్ళి, చక్రవర్తి ఒప్పుకోడని వాపోయాడు.

"నువ్వు ఆయన్ని అడిగావా, నాయనా?" అంది ఆమె.

పదకొండేళ్ళ ఏలుబడిలో అజర్యా చక్రవర్తికి తన మాటంటూ ఒక్కటీ చెప్పుకోలేదు.

ఆ పూటే బయలుదేరాడు. కిరీటం పోతుందని బగదాతు హెచ్చరించినా ఆగలేదు. తొమ్మిది రోజులు ప్రయాణం చేసి రాజధాని చేరాడు. సభలో కిరీటం తీసి చక్రవర్తి పాదాల ముందు పెట్టాడు.

"ప్రభూ, ఈ ఏడు మా నేల దున్నకూడదు. అది మా దేవుని ఆజ్ఞ. భయపడి మీ దూతకు సరేనన్నాను. తప్పు నాది. గాదెల్లో ఉన్న పాత ధాన్యం, ఖర్జూరాలు, గొర్రెల మందలు సైన్యానికి ఇస్తాను. విత్తనం మాత్రం చల్లించలేను."

"ఈ నియమం గురించి నాకెవరూ చెప్పలేదే?" అన్నాడు చక్రవర్తి.

"చెప్పవలసినవాణ్ణి నేనే ప్రభూ. ఇన్నాళ్ళూ చెప్పలేదు."

"నా ముందు తల ఊపే రాజులకు కొదవలేదు. వాళ్ళ దేశాల్లో ఏం జరుగుతోందో మాత్రం నాకు తెలియదు. నాకు నీలాంటివాడు కావాలి," అన్నాడు చక్రవర్తి. లేచి, తన చేతులతో కిరీటాన్ని మళ్ళీ అజర్యా తలమీద పెట్టాడు. ఇకమీదట ఏడో ఏట హదారాను ఎవరూ పంట అడగరాదని శాసనం రాయించాడు.

ఆ వార్త రాజుకన్నా ముందే హదారా చేరింది. జనం పడవలెక్కి నది మధ్యదాకా ఎదురువచ్చారు. పొట్టేలు కొమ్ము బూరలు ఊదారు. నాగలి కట్టని రైతులే గాదెలు తెరిచి, పాటలు పాడుకుంటూ సైన్యం కోసం ఒంటెలకు బస్తాలెత్తారు. అజర్యా తల్లి పాదాలకు మొక్కి, మొదటిసారి నిబ్బరంగా సింహాసనం మీద కూర్చున్నాడు.

పెద్దల ముందు వినయంగా ఉండాలి, కానీ మనల్ని నమ్ముకున్నవాళ్ళ కోసం చెప్పవలసిన నిజాన్ని భయపడి దాచకూడదు.