కౌలాలంపూర్‌లో పెంటయ్య చిరునామా

సన్యాసిరావు మాస్టారిని ఏదైనా అడిగితే అవునని గానీ కాదని గానీ వెంటనే చెప్పరు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటారు. తుడవడం పూర్తయ్యేలోగా అడిగినవాడికి తన ప్రశ్న మీద తనకే అనుమానం పుడుతుంది. విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక బట్టల కొట్టు మేడమీద ఆయన వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్పుతారు. గుమ్మానికి బోర్డు లేదు. పదిమందికీ కనబడే విద్య నేర్పే మనిషి తన గది ఎక్కడుందో చెప్పే రేకుముక్క కూడా పెట్టుకోలేదని ఊళ్ళో కొందరు నవ్వుకుంటారు. నవ్వినవాళ్ళే తర్వాత తమ పిల్లల్ని తీసుకొచ్చి అప్పగించి పోతారు.

ఆ రోజు ప్రశ్న వేసింది ఝాన్సీ. ఆయన దగ్గర ఏడాదిగా నేర్చుకుంటోంది. పొందూరు వైపు ఒక నేత సంఘంవాళ్ళు తమ చీరలూ పంచెలూ మలేషియాలో ఉన్న తెలుగువాళ్ళకు అమ్ముకోవాలని సైటు పని ఆమెకు ఇచ్చారు. ఆమెకు చేతికొచ్చిన మొదటి పని అది. దీపావళిలోగా అక్కడివాళ్ళు వెతికినప్పుడు మొదటి పేజీలో కనబడకపోతే పని విశాఖపట్నంలో ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. ఆ మాట ఎంతో మర్యాదగా అన్నారు. అందుకే ఆమెకు ఎక్కువ భయం పట్టుకుంది.

"మన సైటు పేరు చివర డాట్ కామ్ ఉంది మాస్టారూ. అక్కడివాళ్ళు వెతికితే ఐదో పేజీలో ఎక్కడో వస్తున్నాం. చివర డాట్ మై అని ఆ దేశపు గుర్తు పెట్టుకున్నవాళ్ళు మనకంటే ముందుంటున్నారు. నేనూ అదే తీసుకోనా? ఆ గుర్తు ఇవ్వాలంటే అక్కడ చిరునామా ఉండాలట. ఏడాదికింతని చిరునామా అద్దెకిచ్చేవాళ్ళు దొరికారు. ఫారం నింపేశాను. మీరు ఊ అంటే పంపించేస్తాను."

మాస్టారు కళ్ళజోడు తీశారు. తుడుచుకుంటూ చెప్పిన సంగతి ఇది.

ఎనిమిదేళ్ళ కిందట ఆయన నెల్లిమర్ల దగ్గర పెంటయ్య అనే కుమ్మరికి సైటు చేసిపెట్టారు. పెంటయ్య ఐరేణి కుండలకు పేరుపడ్డ మనిషి. సున్నం పూసి, ఎరుపూ పచ్చా రంగులతో పువ్వులూ గీతలూ వేసిన ఆ కుండలు లేకుండా మన వైపు పెళ్ళి జరగదు. మలేషియా రబ్బరు తోటల్లోకి ఎప్పుడో కూలికి వలసపోయిన తెలుగువాళ్ళు కూడా పెళ్ళిళ్ళకు వాటికోసం వెతుకుతారని తెలిసి, మాస్టారు ఆయన సైటుకి డాట్ మై గుర్తు సంపాదించారు. కౌలాలంపూర్‌లో ఒక మధ్యవర్తి దగ్గర చిరునామా అద్దెకు తీసుకున్నారు. పేరు చివర దేశపు గుర్తు కనబడితే వెతికిపెట్టే యంత్రం ఆ కొట్టు ఆ దేశానిదేనని లెక్కేసుకుంటుంది, అక్కడివాళ్ళకు ముందుగా చూపిస్తుంది. మూడు నెలలు తిరక్కుండా పెంటయ్య మొదటి పేజీలో మొదటి వరసకు వచ్చాడు. గడ్డిలో చుట్టిన కుండలు ఓడెక్కడం మొదలైంది. ఆ రోజుల్లో మాస్టారు కాలు నేల మీద ఆనలేదు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఈ సంగతే చెప్పేవారు.

సైటులో పెట్టిన ఫోను నంబరు మాస్టారిదే. ఒక శనివారం పొద్దున్న ఆయనకు ఫోనొచ్చింది. చేసినాయన పేరు అప్పలస్వామి. మలేషియాలో పుట్టి, అక్కడే లారీ నడిపి, వయసుడిగి ఇంటిపట్టున ఉంటున్న మనిషి. మనవరాలి పెళ్ళి. మాట మాత్రం వాళ్ళ తాత శ్రీకాకుళం నుంచి పట్టుకెళ్ళిన మాటే, చెక్కు చెదరలేదు.

"పెంటయ్య గారింటికొచ్చినాం బాబూ. మేళం కూడా తెచ్చుకున్నాం. ఇక్కడ గోడకి ఇనప పెట్టెలే ఉన్నాయి గానీ ఇల్లు అవుపడ్డం నేదు. ఇంటికి దారెటు?"

ఐరేణి కుండల్ని ఎవరూ కబురుపెట్టి తెప్పించుకోరు. పెళ్ళివారే మేళతాళాలతో కుమ్మరి ఇంటికి వెళ్ళి, ఆ ఇంటివాళ్ళకు బియ్యమూ పసుపూ కుంకుమా ఇచ్చి, కుండలు నెత్తిన పెట్టుకుని ఊరేగింపుగా తెచ్చుకోవాలి. అది పద్ధతి. సముద్రం దాటినవాళ్ళు దాన్ని మానుకున్నారు, వెళ్ళడానికి కుమ్మరి ఇల్లంటూ లేదు కనక. అప్పలస్వామి ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ ఆ ముచ్చట ఎరగరు. అలాంటిది ఫోనులో వెతికితే మొదటి వరసలోనే తెలుగు కుమ్మరి కనబడ్డాడు. పేరు చివర తమ దేశం గుర్తు, కింద తమ దేశంలో చిరునామా. కుండలు పంపమని అడగడం ఆయనకు తప్పనిపించింది. వ్యాను మాట్లాడుకుని, పదకొండుమంది ఆడవాళ్ళనీ ఒక డోలునీ ఎక్కించుకుని, నాలుగు గంటలు ప్రయాణం చేసి వచ్చేశాడు.

ఆ చిరునామా ఒక పెద్ద భవనంలో నాలుగో అంతస్తు. మధ్యవర్తి ఆఫీసుకి సెలవు, తాళం వేసి ఉంది. బయట గోడ నిండా ఉత్తరాల పెట్టెలు. వాటిల్లో ఒకదాని మీద పెంటయ్య పేరున్న కాగితం అంటించి ఉంది.

పెంటయ్య విజయనగరం దగ్గరే ఉంటాడని మాస్టారు చెప్పక తప్పలేదు. అవతల డోలు చప్పుడు వినిపిస్తూనే ఉంది. వాయించే మనిషికి ఆపమని ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

"మరైతే ఈ పెట్టె ఎవులది బాబూ?" అన్నాడు అప్పలస్వామి.

"మాదే," అన్నారు మాస్టారు. ఆ సైటు గురించి అప్పటిదాకా తాను అన్నవాటిల్లో పూర్తిగా నిజమైన మాట అదొక్కటేనని ఆయన ఝాన్సీతో చెప్పుకున్నారు.

పెద్దాయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని మాస్టారికి ఇప్పటికీ ఉంది. పెళ్ళి మూడు రోజుల్లో పడింది. ఇక్కణ్ణుంచి కుండలు బయల్దేరినా ఆ వేళకి అందవు. స్టీలు బిందెలకు సున్నం పూసి, పువ్వులు వేసుకుని పెళ్ళి కానిచ్చారని ఆ తర్వాత తెలిసింది. ఆ ఉదయం మాత్రం అప్పలస్వామి, "కుమ్మరోరింటికొచ్చి పిలవకుండా ఎల్లకూడదు కదా," అని ఫోను పెట్టేశాడు.

దాని అర్థం ఇరవై రోజులకు గానీ మాస్టారికి తెలియలేదు. పెట్టెలో చేరిన ఉత్తరాలను కట్టగట్టి పంపడం మధ్యవర్తి అలవాటు. ఆ కట్టలో నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖ వచ్చింది. లోపల ఎండిపోయిన తమలపాకు. పైన వంకర టింకర తెలుగు అక్షరాల్లో, కుమ్మరి పెంటయ్య గారు కుటుంబంతో తప్పకుండా రావాలని రాసి ఉంది.

మాస్టారు దాన్ని పట్టుకుని నెల్లిమర్ల వెళ్ళారు. పోస్టులో పంపితే సరిపోయేదే. పంపడానికి మనసొప్పలేదు. పెంటయ్య కుండలు చేసే సారె దగ్గర నుంచి లేచి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, రెండు చేతులా శుభలేఖ అందుకున్నాడు. చదవడం రాదు గనక చదవమన్నాడు. మాస్టారు చదివారు. ఇంకోసారి చదవమంటే ఇంకోసారి చదివారు. పెళ్ళెప్పుడని అడిగితే అయిపోయిందన్నారు. జరిగింది దాచకుండా చెప్పారు.

అంతా విని పెంటయ్య శుభలేఖని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నెలనెలా ఎన్ని కుండలు ఓడెక్కుతున్నాయో అతనికి తెలుసు, అవి ఎవరివల్ల ఎక్కుతున్నాయో కూడా తెలుసు. అయినా అడిగాడు.

"నానక్కడున్నానని ఆలకి ఎవులు సెప్పినారు బాబూ?"

మాస్టారు సిగ్గుతో చచ్చిపోయారు. చచ్చిపోయానన్నది ఆయన మాటే, నేను కలిపింది కాదు.

ఝాన్సీ తన ల్యాప్‌టాప్ వైపు చూసింది. అందులో ఫారం ఇంకా తెరిచే ఉంది. తెలివైన పిల్ల, విన్నది అర్థమయింది. కానీ దీపావళి ఆమె కోసం ఆగదు. నేత సంఘంవాళ్ళూ ఆగరు.

"అయితే ఆ పేరు తీసుకోవద్దంటారా మాస్టారూ?"

"వద్దని నేనెందుకంటాను? బాగా పనిచేస్తుంది. మొదటి వరసలో కనబడతావు, జనం వస్తారు కూడాను. వచ్చిన రోజున తలుపు తీసే మనిషెవరో, ఆ పేరు చెప్పమ్మా."