ఆదెమ్మ మూయించిన మూడు ఖాతాలు

అనగనగా, రాజులూ రాణులూ లేని ఒక మామూలు ఊళ్ళో, ఆదెమ్మ అని ఒకావిడ ఉండేది బంగారం. మరీ పాతకాలం కాదులే, మీ అమ్మ నీ అంత ఉన్నప్పటి సంగతి. ఇటు జరుగు, దుప్పటి సరిగ్గా కప్పుకో. ఈ కథలో కాస్త భయం ఉంది. దయ్యాలు మాత్రం లేవు.

ఆ ఊళ్ళో బడిపిల్లలు రాసుకునే పలకలు చేసేవాళ్ళు. ఆదెమ్మ మొగుడు పిచ్చయ్య గనిలో రాయి తీసేవాడు. ఆదెమ్మ ఇంట్లో కూర్చుని పలకలకి చెక్క చట్రాలు బిగించేది. వాళ్ళకి ఒక్కతే కూతురు, నాగరత్నం. ఏడేళ్ళ పిల్ల.

ఊరి బజారులో మూడు అంగళ్ళలో ఆదెమ్మకి ఖాతా ఉండేది. ఖాతా అంటే ఏమిటంటావా? సరుకు ఇవాళ తెచ్చుకోవడం, డబ్బు తర్వాత ఇవ్వడం. ఖాసింపీరా సాయిబు కొట్లో బియ్యం, పప్పు తెచ్చుకునేది. వరదమ్మ బట్టల కొట్లో చీరలు, లంగాలు తెచ్చుకునేది. ఆ తర్వాత శేషగిరి అనే ఆయన పెద్ద సామాన్ల షాపు తెరిచాడు. ఆయన వచ్చినవాళ్ళందరికీ ఒక పసుప్పచ్చ కార్డు ఇచ్చాడు. "డబ్బు మాటెత్తకు తల్లీ, ముందు తీసుకెళ్ళు. నెలకింతని ఇద్దువుగాని" అనేవాడు.

అలా ఫ్యాను వచ్చింది. ఆ తర్వాత ఇనప బీరువా వచ్చింది. ఆ తర్వాత కుట్టుమిషను కూడా వచ్చింది. ఆదెమ్మకి కుట్టడం రాదు. నేర్చుకుంటాలే అనుకుంది పాపం.

అప్పుడు ఏమైందంటే, గనిలో రాయి జారి పిచ్చయ్య కాలి మీద పడింది. ఎముక విరిగింది. ఆరు నెలలు మంచం దిగలేదు. ఆదెమ్మ చట్రాల కూలి మందులకీ కట్లకీ సరిపోయేది. మూడు ఖాతాలూ పెరుగుతూ పోయాయి. ఖాసింపీరా ఏమీ అనలేదు. వరదమ్మ రెండుసార్లు కబురు పెట్టింది. శేషగిరి మాత్రం కబురు పెట్టలేదు. మనిషిని పంపించాడు.

ఆ మనిషి పొడుగ్గా ఉండేవాడు. తెల్ల చొక్కా, చంకలో నల్ల గొడుగు. అరిచేవాడు కాదు, తిట్టేవాడు కాదు. అందుకే ఎక్కువ భయం వేసేది. మొదటిసారి వచ్చినప్పుడు అరుగు మీద గొడుగు పక్కన పెట్టుకుని, పొద్దువాలే దాకా ఊరికే కూర్చున్నాడు. వీధిలో అందరూ చూశారు.

రెండోసారి వచ్చినప్పుడు గడప లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఆదెమ్మ వంటింట్లో బియ్యం డబ్బా వెనక నక్కింది. పిచ్చయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"మీ అమ్మ ఉందా పాపా?" అని అడిగాడు ఆ మనిషి.

"లేదు" అంది నాగరత్నం. అబద్ధం ఆడటం ఆ పిల్లకి అదే మొదలు.

"సరే. నువ్వున్నావుగా" అన్నాడు. కూర్చునే ఉన్నాడు. వంటింట్లో ఆదెమ్మ ఊపిరి బిగబట్టి కూర్చుంది. ముక్కులో బియ్యం దుమ్ము పోయి తుమ్ము వస్తే, కొంగు నోట్లో కుక్కుకుంది.

మూడోసారి అతను ఇంటికి రాలేదు. బడి దగ్గరికి వెళ్ళాడు. బడి వదిలే వేళకి గేటు పక్కన నిలబడ్డాడు. నాగరత్నాన్ని ఏమీ చెయ్యలేదు, ముట్టుకోలేదు. "మీ అమ్మని అడిగానని చెప్పు పాపా" అన్నాడు, అంతే. ఆ పిల్ల ఇంటిదాకా పరుగెత్తింది. ఆ తర్వాత మూడు రోజులు జ్వరం. బడికి పోనని ఒకటే ఏడుపు.

కూతురి నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ ఆదెమ్మ అనుకుంది, ఇక నేను దాక్కోకూడదు అని. ధైర్యం వచ్చిందనుకోకు. ఎంత భయపడిందంటే, దాక్కోవడానికి చోటే మిగల్లేదు.

అప్పుడు ఆదెమ్మ రోజుకి వంద చట్రాలు బిగించే చోట నూట యాభై బిగించడం మొదలుపెట్టింది. వేళ్ళ నిండా చెక్క పేళ్ళు గుచ్చుకునేవి. కుట్టుమిషను అమ్మేసింది. పిచ్చయ్య కూడా మంచం మీద కూర్చునే పలకలు నునుపు చేసేవాడు. ముందు చిన్న బాకీ తీర్చేద్దాం అనుకున్నారు. చిన్నది వరదమ్మది. నాలుగు నెలల్లో తీరిపోయింది.

ఆఖరి రూపాయి అందుకుని వరదమ్మ నవ్వింది. "ఖాతా అట్లాగే ఉంచుతానులే ఆదెమ్మా, మళ్ళీ అవసరం పడకపోతుందా" అంది. ఆదెమ్మకి అది మర్యాదగా అనిపించింది. "అట్లాగే అక్కా" అని వచ్చేసింది.

రెండు నెలలు గడిచాయి. పిచ్చయ్య కాలు నయమై మళ్ళీ గనికి పోతున్నాడు. ఒకరోజు వరదమ్మ దగ్గర్నుంచి చీటీ వచ్చింది. నాలుగు వందల అరవై రూపాయల బాకీ అని ఉంది. ఆదెమ్మ చీటీ పట్టుకుని కొట్టుకి వెళ్ళింది.

"నేనేమీ తీసుకోలేదు కదక్కా" అంది.

"నువ్వు కాదు, మీ మరిది ఓబులేసు. అత్తవారి ఊరు పోతున్నాడట. మా వదినకి ఖాతా ఉంది, అందులో రాయండి అన్నాడు. ఖాతా తెరిచే ఉందిగా, మీవాడేగా అని ఇచ్చాను" అంది వరదమ్మ. ఆవిడ మోసం చెయ్యలేదు బంగారం. తెరిచి ఉన్న పేజీలో రాసింది, అంతే.

ఆదెమ్మ ఆ కొట్టు మెట్ల మీదే కూలబడింది. నాలుగు నెలలు వేళ్ళు కోసుకుని తీర్చిన బాకీ, ఇంట్లో ఎవరికీ తెలియకుండా మళ్ళీ పుట్టింది. ఇంకెక్కడ ఏం పుడుతుందో, ఏ చీటీ ఎప్పుడొస్తుందో అనుకుంది. బాకీ తీర్చడం వేరు, ఖాతా మూయించడం వేరు అని ఆ రోజు ఆవిడకి తెలిసింది.

ఇంటికొచ్చి పిచ్చయ్యతో చెప్పింది. "తీరిన ఖాతాని తీరగానే మూయించేస్తానయ్యా. మూడూనూ."

పిచ్చయ్య మెల్లగా అన్నాడు. "నేను మళ్ళీ మంచాన పడితే? వానలకి పని లేకపోతే? ఎవరిస్తారు మనకి? ఒక్కటన్నా ఉంచుకోవే."

ఉంచుకుంటే ఒక భయం, మూసేస్తే ఇంకో భయం. ఆ మధ్యాహ్నం వాళ్ళిద్దరికీ అన్నం సయించలేదు.

ఓబులేసు మొహం మాడ్చుకుని సగం డబ్బు ఇచ్చాడు. మిగతా సగం ఆదెమ్మే కట్టింది. ఈసారి కట్టి ఊరుకోలేదు. "అక్కా, నా పేజీ మీద అడ్డంగా గీత కొట్టు. ఖాతా మూసేశామని రాసి, నాకో చీటీ ఇవ్వు" అంది. వరదమ్మ ఆశ్చర్యపోయి చూసింది. అయినా రాసిచ్చింది.

ఆ తర్వాత ఖాసింపీరా కొట్టు. ఆయన బాకీ తీరడానికి ఐదు నెలలు పట్టింది. ఖాతా మూసెయ్యమని అడిగితే పెద్దాయన చిన్నబుచ్చుకున్నాడు.

"ఏమ్మా, నా వల్ల తప్పు జరిగిందా?"

"లేదు సాయిబన్నా. నీ మీద కోపం లేదు. నాకే భయం."

ఖాసింపీరా పుస్తకంలోంచి ఆ పేజీ చింపి, నాలుగు మడతలు పెట్టి ఆమె చేతిలో పెట్టాడు.

ఇక మిగిలింది శేషగిరి షాపు. అది అన్నిటికంటే పెద్ద బాకీ. పద్నాలుగు నెలలు కట్టింది. కడుతున్నన్నాళ్ళూ గొడుగు మనిషి వస్తూనే ఉన్నాడు. అతను కనపడగానే నాగరత్నం అమ్మ కొంగు పట్టుకునేది. కానీ ఆదెమ్మ డబ్బా వెనక్కి పోలేదు. గడపలో నిలబడి "ఈ నెలకి ఇంతే" అని చేతిలో పెట్టేది.

ఆఖరి కంతు రోజు ఆదెమ్మ షాపుకి తనే వెళ్ళింది. కూతుర్ని వెంట తీసుకెళ్ళింది. డబ్బు బల్ల మీద పెట్టి, పసుప్పచ్చ కార్డు కూడా దాని పక్కన పెట్టింది.

"బాకీ తీరిపోయిందండి. కార్డు తీసేసుకుని, ఖాతా మూసేసినట్టు రాసివ్వండి."

శేషగిరి డబ్బు తీసుకుని కార్డు ఇటు తోశాడు. "ఉంచుకో తల్లీ. కార్డు వెనక్కి తీసుకోవడం మా షాపులో లేదు. అదిగో, కొత్త టీవీలు వచ్చాయి. నీ కూతురు ఎలా చూస్తోందో చూడు."

నాగరత్నం నిజంగానే చూస్తోంది. అద్దంలాంటి తెరలో దాని మొహం దానికే కనపడుతోంది. దాని వెనక, గుమ్మం దగ్గర, గొడుగు మనిషి నిలబడి ఉన్నాడు. అతని మొహం కూడా అందులో కనపడింది. పిల్ల చటుక్కున కళ్ళు మూసుకుంది.

ఆదెమ్మ నిలబడలేకే ఆ షాపు మధ్యలో నేల మీద కూర్చుంది. "రాసిచ్చేదాకా ఇక్కడే కూర్చుంటానండి" అంది.

శేషగిరి మొదట నవ్వాడు. ఆ తర్వాత విసుక్కున్నాడు. ఆ తర్వాత చూడనట్టు లెక్కల్లో పడ్డాడు. ఆదెమ్మ లేవలేదు. ఇంతలో సామాన్లకి వచ్చిన ఒకావిడ వంగి, "ఏమ్మా, ఇట్లా కూర్చున్నావు?" అని అడిగింది.

"బాకీ మొత్తం కట్టానమ్మా. ఖాతా మూసెయ్యమంటే మూయట్లేదు" అంది ఆదెమ్మ.

ఆవిడ తన సంచీలోంచి పసుప్పచ్చ కార్డు తీసి దానివైపు చూసుకుంది. పక్కనున్న ఇంకొకావిడ కూడా చూసుకుంది. షాపులో మాటలు ఆగిపోయాయి. అది చూశాక శేషగిరి గబగబా కాగితం లాగాడు. బాకీ లేదని, ఖాతా మూసేశామని రాశాడు. తేదీ వేసి, సంతకం చేసి, ముద్ర కొట్టాడు. కార్డుని కత్తెరతో రెండు ముక్కలు చేశాడు. "తీసుకో, పో" అన్నాడు.

ఆదెమ్మ కూతురి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చింది. గొడుగు మనిషి వెనకాలే వచ్చాడు. నాగరత్నం చెయ్యి అమ్మ చేతిలో చెమటపట్టింది.

ఆదెమ్మ వెనక్కి తిరిగింది. "ఇంక మా ఇంటికి రాకన్నా. పిల్ల బడి దగ్గరికి అసలు పోవద్దు."

"రానమ్మా" అన్నాడతను. "నా పేరు మాలకొండయ్య. నాకూ ఈ షాపులో ఖాతా ఉంది. మంచాలూ బీరువా తీసుకుని కట్టలేకపోయాను. ఇట్లా వసూళ్ళకి తిరిగి తీరుస్తున్నాను. ఆరేళ్ళయింది."

"ఇంకా ఎంత ఉందన్నా?"

"అడగలేదమ్మా" అన్నాడు. "అడగాలంటే భయం."

అంతసేపూ ఏడవని ఆదెమ్మకి అప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన చేతిలోని కాగితం విప్పి అతనికి చూపించింది. "అడుగన్నా. ఇట్లా రాయించుకో" అంది. అతను ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అడిగాడో లేదో నాకు తెలియదు బంగారం. నేను అబద్ధం చెప్పను.

మరి ఆదెమ్మ భయం పోయిందా అంటావా? పోలేదు. ఆ ఏడు ముసురు పట్టింది. చెక్క ఆరక చట్రాల పని ఆగిపోయింది. గని మూసేశారు. పిచ్చయ్యకి చలిజ్వరం వచ్చింది. ఏ రోజు వస్తుందని అతను భయపడ్డాడో ఆ రోజే వచ్చింది. ఇంట్లో పదకొండు రూపాయలు ఉన్నాయి.

ఆదెమ్మ ఖాసింపీరా కొట్టు ముందు వానలో నిలబడింది. ఆయన చూశాడు. "రాసుకోనా అమ్మా?" అన్నాడు మెల్లగా. ఎంత సులువో చూడు. అవునంటే ఇంటి నిండా బియ్యం.

"వద్దు సాయిబన్నా. ఈ పదకొండు రూపాయలకి ఎన్ని నూకలు వస్తే అన్ని పెట్టు" అంది ఆదెమ్మ.

మూడు రోజులు నూకల జావ తాగారు. మొదటి రోజు ఉప్పు వేసుకుని, రెండో రోజు ఇంకొంచెం నీళ్ళు పోసుకుని, మూడో రోజు నాగరత్నానికి రెండు గ్లాసులూ మిగతా ఇద్దరికీ చెరో అర గ్లాసూ. ఆ మూడు రోజులూ ఆదెమ్మ తనలో తను అనుకుంటూనే ఉంది. తప్పు చేశానా, పిల్లని పస్తు పెడుతున్నానా అని.

నాలుగో రోజు ఎండ కాసింది. చెక్క ఆరింది. వారం తిరిగేసరికి కూలి చేతికి వచ్చింది.

ఆదెమ్మ కూతుర్ని తీసుకుని బియ్యం కొనడానికి వెళ్ళింది. ఇరవై రూపాయల నోటు ఇచ్చింది. ఖాసింపీరా బియ్యం కొలిచి పోసి, గల్లాపెట్టె తెరిచి, ఆరు రూపాయలు తిరిగి ఇచ్చాడు. ఎన్నో ఏళ్ళుగా ఆ కొట్లో ఆదెమ్మకి చిల్లర రావడం అదే మొదటిసారి. ఖాతాలో రాసేటప్పుడు చిల్లర ఎక్కడిది? ఖాతా మూశాక శేషగిరి బాకీ కట్టగా మిగిలినదానికి సరిగ్గా ఎంత వస్తే అంతే తెచ్చుకునేది.

ఆ ఆరు రూపాయలూ నాగరత్నం గుప్పిట్లో పెట్టింది. "ఎవరివమ్మా ఇవి?" అని అడిగింది పిల్ల.

"మనవే" అంది ఆదెమ్మ.

నాగరత్నం దారి పొడుగునా గుప్పిలి విప్పి చూసుకుంటూ, మళ్ళీ మూసుకుంటూ నడిచింది.

కథ నడిచె కంచికి,
కునుకు వచ్చె కంటికి,
బెంగ పోయె బయటికి,
నువ్వూ నేనూ ఇంటికి.