ఈరవ్వ కొమ్మ, దొర్సాని తొక్కు

ఎవలు పెట్టిండ్రనా? ఆ గోడ పొంటి పూలే గద? ఎర్రయి, పచ్చయి, తెల్లయి, నేలకంటుకొని సాప పరిసినట్టున్నయి, గవ్వేనా? వాటిని గడ్డిగులాబి అంటరు బిడ్డా. అవి గుచ్చింది నేనే. కానీ ఈ ఊరికి తెచ్చింది ఈరవ్వ. ఫోన్ల పూలు అవుపడ్డట్టే నా మాట గూడ ఇనవస్తున్నదా? ఆఁ, అయితే ఇను.

ఎన్కట, ఎన్కటికి ఎన్కట, పొద్దు జెప్పెతందుకు కోడి తప్ప ఇంకోటి లేని కాలంల, మనూర్ల కుమ్మరి గుండయ్య, ఆయన పెండ్లం ఈరవ్వ ఉండెటోళ్లు. గుండయ్య మంచోడే. ఆయన కుండలే మంచియి గావు. పది కుండలు కాలిస్తె నాలుగు పగులు, రెండు వంకర. పగిలినయన్ని ఇంటెన్క పారవోసుడే. పోసి పోసి అదో గుట్టయింది. అన్ని పెంకులు, బూడిద, ఇసుక. ఆడ గడ్డి గూడ మొల్వకపోయేది.

ఈరవ్వకేమో నోరు జాస్తి. ఎవ్వరికీ జంకదు. గుండయ్య పొద్దున లేస్తె ఒక్కటే మాట: "నీ నోరే మనకు సేటు తెస్తదే."

ఒకనాడు గాజులాయన వచ్చిండు. గాజులు పగలకుంట గంపల పచ్చిగడ్డి ఏస్కొచ్చిండు. ఈరవ్వకు గాజులు తొడిగిండు, వాడిన గడ్డి గుట్ట మీద ఇసిరేసిండు, పోయిండు. ఆ గడ్డిల ఏలెడంత కొమ్మ కనవడ్డది. దాని ఆకులు బియ్యపుగింజ లెక్క బొద్దుగున్నయి. "ఇదేందో గడ్డి గాదు" అనుకున్నది ఈరవ్వ. దాన్ని రెండు తునకలు విరిచింది. ఇసుకల గుచ్చింది. పొయ్యి మీద కూర మాడుతున్న వాసనొస్తె ఉరికింది, కొమ్మ సంగతే మరిచింది.

మళ్ల గుట్ట దిక్కు పోయేటాల్లకు నెల దాటింది. పోయి జూస్తె ఏమున్నది! గుట్టంత పూలు. పొద్దు బారెడెక్కితె ఇచ్చుకుంటున్నయి, ఎండ వాలితె ముడుసుకుంటున్నయి. గుండయ్య నోరు తెరిచిండు.

"మన పెంకులు పూసినయే!"

"నీ కుండలకు గిప్పుడన్న అక్కెర పడ్డది పో" అన్నది ఈరవ్వ.

ఈ ముచ్చట గడికి పోయింది. గడి అంటె దొర ఉండే పెద్ద బంగ్ల, ఆడ దొర పెండ్లం దొర్సాని ఉన్నది. ఆమె చేసే మామిడికాయ తొక్కుకు చుట్టు ఏడూర్లల్ల పేరు. ఆమెకు లేనిది ఆ ఊర్ల ఎవలింట్ల ఉండొద్దు. నీళ్లు మోసే బాలవ్వను తోలి గుట్ట మీది మొక్కను ఏర్లతోని పీకిచ్చింది. పీకేటప్పుడు ఒక తునక కింద పడ్డది. ఆ తునకనే మళ్ల గుట్టంత అయింది.

దొర్సాని ఆ మొక్కను ఇత్తడి గంగాళంల పెట్టి నడింట్ల ఉంచింది. ఇంట్ల ఎండేడిది? తీగ లెక్క సాగింది, ఒక్క పువ్వు గూడ పూయలే.

రెండోసారి పీకిచ్చింది. ఈసారి వాకిట్ల పెట్టి పొద్దుకో చెంబు సల్ల, మాపుకో చెంబు నీళ్లు పోసింది. కుళ్లి కంపు కొట్టింది.

మూడోసారి పీకిచ్చింది. ఎండల పెట్టింది, నీళ్లు తక్కువ పోసింది. అంత మంచిగనే చేసింది. కానీ పొద్దుకోసారి పీకి జూసుడు. "ఏరు దిగిందానే బాలవ్వా?" "దిగుతున్నదమ్మా." మళ్ల పెట్టుడు. మాపటికి మళ్ల పీకుడు. "ఇంక దిగలేదానే?" పీకంగ పీకంగ అది గూడ ఎండింది.

దొర్సానికి మంటెత్తింది. "నేను పెడితె సస్తది, దాని పెంకుల మీదేమో పూస్తది. ఈరి ఏదో మంత్రం ఏస్తున్నది" అని దొరకు చెప్పింది.

దొర ఈరవ్వను పిలిపిచ్చిండు.

"మంత్రం చెప్పవే."

"నీ బాంచెన్ దొరా, మంత్రం లేదు గింత్రం లేదు. విరిచిన, గుచ్చిన, మరిచిన."

"ఎవలికి చెప్తున్నవ్? ఈ పున్నానికెల్లి వచ్చే పున్నం దాక సూస్త. గడిల పూలు పూస్తె సరి. లేకుంటె సారె నెత్తిన పెట్టుకొని ఊరిడిసి పోవాలె."

సారె అంటె కుండలు జేసే చక్రం. అది పోతె కుమ్మరోళ్ల బతుకు పోయినట్టే. గుండయ్య ఇంటికి రాంగనే గోడకు ఒరిగి కూసున్నడు. "నీ నోరే మనకు సేటు తెస్తదంటి గదనే."

ఈరవ్వ తెల్లారి ఒక పగిలిన కుండ తీసుకున్నది, దాన్ల పెంకులు ఇసుక నింపింది, మూడు కొమ్మలు గుచ్చింది. గడి పిట్టగోడ మీద ఎండకు పెట్టింది. "దొర్సానీ, నెల దాక ముట్టకు."

"ముట్టను."

పగటిపూట ఈరవ్వ వచ్చి జూస్తె దొర్సాని గోర్లల్ల ఇసుక. కొమ్మలు పక్కకు ఒరిగినయి. ఈరవ్వ వాటిని తీసి ఇసుక సదిరింది. మళ్ల గుచ్చింది. రెండోనాడు గూడ గట్లనే. మూడోనాడు గూడ గట్లనే. గప్పుడు ఈరవ్వకు సమజైంది. ఈమె విరుస్తది, గుచ్చుతది. మరుసుడొక్కటే ఈమెతోని గాదు.

అక్కడనే నిలబడి అన్నది: "దొర్సానీ, ఒక మాట చెప్తె కోపం జెయ్యవు గద?"

"చెప్పు."

"నీ తొక్కుల ఉప్పెక్కువైంది."

బాలవ్వ చేతుల బింద దభేల్మని కింద పడ్డది.

"ఏమే ఈరీ! నా తొక్కు నువ్వెన్నడు తిన్నవే?"

"తినాల్నా? గాలి ఇటుదిక్కు కొడితెనే నా పెదువులు పగులుతున్నయి."

ఇగ సూడు బిడ్డా. దొర్సాని ఆ కుండ దిక్కు మొకం గూడ తిప్పలే. కొత్త తొక్కు కలిపింది. వాడవాడకు పంపింది. అందరు "అమృతం లెక్కున్నది దొర్సానీ" అన్నరు. బాలవ్వ గిన్నె పట్టుకొని ఈరవ్వ ఇంటికి గూడ పోయింది. ఈరవ్వ ముట్టలే. "వద్దు తల్లీ, తిన్నంక తాగెతందుకు ఇంట్ల అన్ని నీళ్లు లేవు."

దొర్సాని రెండోసారి కలిపింది, ఉప్పు తక్కువేసి. ఈరవ్వ ముట్టలే. "ఈసారి ఉప్పే ఎయ్యలేదంట గద. పురుగు పడుతదేమో జూస్కోమను."

దొర్సాని మూడోసారి కలిపింది. తనే జాడి సంకల పెట్టుకొని కుమ్మరి వాడకొచ్చింది. ఆమె అట్ల వచ్చుడు అదే తొలుత. ఈరవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని తలుపేసుకున్నది. దొర్సాని బయట, ఈరవ్వ లోపట, తలుపు నడుమ. ఊరంత పని ఇడిసిపెట్టి ఇన్నది. దొర్సానికి నిద్ర లేదు, కూడు లేదు, మొక్క యాది అసలే లేదు.

పున్నం వచ్చింది. పొద్దు పొడవంగనే దొర గడి ముంగటికొచ్చిండు. ఊరంత గూడింది, గుండయ్య సారె, ఓ కుండ తెచ్చుకొని నిలబడ్డడు. పిట్టగోడ మీద కుండ పచ్చగ నిండి అంచుల మీదికెల్లి జారుతున్నది. కానీ ఒక్క పువ్వు లేదు. అన్ని మొగ్గలే, కందిగింజల లెక్క ముడుసుకొని.

"పూలేవే?"

"జెర ఆగుండ్రి దొరా, ఎండ రాని."

"ఆగేది లేదు. సారె ఎత్తుండ్రి."

గుండయ్య సారె నెత్తిన పెట్టుకున్నడు. కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి. ఈరవ్వ పొద్దు దిక్కు జూసింది. అది ఇంక చింతచెట్టు ఎన్కనే ఉన్నది. కుండ దిక్కు జూసింది. దొర్సాని దిక్కు జూసింది.

"పోతున్న దొర్సానీ. పొయ్యేముంగట ఒక్క మాట. నీ తొక్కే గాదు, మీ అమ్మ తొక్కుల గూడ ఉప్పెక్కువనే."

"మా అమ్మను అంటవానే!"

దొర్సాని కొంగు నడుముకు చెక్కింది. వాళ్లమ్మ తొక్కు సంగతంత చెప్పింది. పొద్దు కొమ్మ దాటింది.

"మీ అమ్మమ్మ తొక్కుల గూడ ఎక్కువనే."

దొర్సాని అమ్మమ్మ సంగతి ఎత్తుకున్నది. పొద్దు చెట్టు దాటింది. దొర చెవులు మూసుకున్నడు.

"అసలు మీ పుట్టినూరే ఉప్పూరు. ఆడ బాయిల నీళ్లు గూడ ఉప్పగనే ఉంటయంట."

ఇగ దొర్సాని పుట్టినూరు బాయిలన్ని ఒక్కొక్కటి లెక్కవెట్టి చెప్పుడు మొదలు పెట్టింది. ఏడో బాయి కాడికొచ్చినంక బాలవ్వ ఆమె కొంగు గుంజింది.

"దొర్సానీ, ఎన్కకు జూడు."

దొర్సాని మళ్లి జూసింది. కుండంత పూలు! ఎర్రయి, పచ్చయి, తెల్లయి. ఎండ పడ్డకాడల్ల ఒక్కొక్కటి ఇచ్చుకుంటున్నయి.

దొర్సాని కుండ దగ్గరికి పోయి వంగి జూసింది. తర్వాత దొర్సాని మెల్లగ అన్నది: "నేను దీని మొకం జూడక నెల దగ్గరికొచ్చింది."

"గదే మంత్రం తల్లీ. విరుసుడు, గుచ్చుడు, మరుసుడు. మూడోది నీకు రాకపాయె. గందుకే మరిపిచ్చిన."

"అయితె నా తొక్కుల ఉప్పు?"

"నాకేం ఎరుక? నేనెన్నడన్న తింటినా?"

తొక్కు కలుపుకుంట వచ్చిందేమో, దొర్సాని చేతుల గరిట ఉండె. ఇసిరికొట్టింది. ఈరవ్వకు తాకలే. పోయి గుండయ్య తెచ్చుకున్న కుండకు తాకి అది పగిలింది. ఎట్లైన పగిలేదే అది. ముందుగల్ల దొర నవ్విండు, ఎన్క ఊరు నవ్వింది, ఆకరికి దొర్సాని గూడ నవ్వింది. గుండయ్య మాత్రం సారె దించలే. దించుమని చెప్పేది అందరు మరిసిండ్రు.

ఆనాటి సంది ఊర్ల ఎవలు అడిగినా ఈరవ్వ కొమ్మ ఇరిసిచ్చేది. ఇచ్చి ఊకోకపోయేది. వాళ్లను ఏదో ఒకటి అనేది. నీ ముగ్గు వంకర, నీ బర్రె గుడ్డిది, నీ అల్లుడు పొట్టిగున్నడు. తిట్లు తిన్నోళ్లు మూతి ముడుసుకొని పోయి కొమ్మ గుచ్చి మరిసేటోళ్లు. ఇంటింటి ముంగట పూసింది.

ఇప్పటికి ఆ పెంకుల జాగను ఈరవ్వ గుట్టనే అంటరు. ఆమెను బొందవెట్టింది గూడ ఆ పక్కకే. గడ్డిగులాబి గుచ్చితె పక్కనున్నోళ్లు "నీ తొక్కుల ఉప్పెక్కువైంది" అనాలె. అనకుంటె ఏరు దిగదంటరు. మీ తాత నలబై ఏండ్లు అన్నడు నన్ను. మొన్న ఈ కొమ్మలు గుచ్చినప్పుడు ఎవలంటరని అట్లనే నిలబడ్డ జెరసేపు. బర్రెలోళ్ల పిల్ల పోతుంటె పిలిసి అనిపిచ్చుకున్న. పూసినయి. మంచిగనే పూసినయి.

ఈరవ్వ ఎట్ల పోయిందనా? ముసల్ది అయింది. గుండయ్య అప్పటికే పోయిండు. మంచంల పడ్డది. ఒకనాడు పొద్దుగూకేయాల దొర్సాని, ఆమె గూడ ముసల్దే, కర్ర పట్టుకొని జాడి తెచ్చింది. ఇంత అన్నం మెత్తగ పిసికింది, తొక్కు కలిపింది, ఈరవ్వ నోట్ల పెట్టింది. ఈరవ్వ ఆ తొక్కు తినుడు అదే మొదలు.

మెల్లగ నమిలింది.

"ఉప్పు సరిపోయింది దొర్సానీ."

దొర్సాని చేతుల ముద్ద ఆడనే ఆగింది. "గట్లనకే ఈరీ. ఎక్కువైందను. ఎప్పటి లెక్కనే అనవే."

ఈరవ్వ అనలే. ఇంకో ముద్ద పెట్టుమని నోరు తెరిచింది.

తెల్లారేసరికి ఈరవ్వ లేదు.