నూరు వాటాల ఓడ

అనగనగా, ఉప్పు ఊరికే దొరికే కాలంలో, ఒక రేవుపట్నంలో నూరు వాటాల ఓడ ఒకటి ఉండేది. ప్రతి పున్నమికీ ఆ వాటాలు సంతలో చేతులు మారేవి. వాటా ధర తగ్గితే ఓడ పెద్ద సోమగుప్తుడికి అన్నం సహించేది కాదు. అందుకని ఆ పున్నమికి లాభం పెంచి చూపడానికి ఓడ మరమ్మతు ఆపించాడు.

"అయ్యా, అడుగు పలకలు పుచ్చిపోయాయి. ఆ ఓడలో నా తమ్ముడు వెళ్తున్నాడు," అన్నాడు ఓడ వడ్రంగి అప్పలకొండ.

"నీళ్ళకింది పలకలను ఎవరు చూస్తారురా? సంత చూసేది లాభాన్నే."

అప్పలకొండ వినయంగా నమస్కరించి సంతకు వెళ్ళాడు. కూలికి బదులుగా తనకిచ్చిన రెండు వాటాలను అమ్మేశాడు. కారణం ఎవరికీ చెప్పలేదు. ఓడ బాగు చేసేవాడే వాటాలు వదిలించుకుంటున్నాడని తెలిసి అందరూ అమ్మకానికి ఎగబడ్డారు. మధ్యాహ్నానికి ధర సగమైంది.

సోమగుప్తుడు పరుగున వచ్చాడు. "ద్రోహీ! వీళ్ళకి ఏం చెప్పావురా?"

"ఏమీ చెప్పలేదు బాబూ. మీరన్నట్టే, సంతకు కనబడే పని ఒకటి చేశాను."

"మరి ధర మళ్ళీ లేచేదెలా?"

"నేను తిరిగి కొంటే లేస్తుంది. పలకలు మార్చాక కొంటాను."

సాయంత్రానికల్లా కొత్త టేకు పలకలు రేవుకు చేరాయి. తమ్ముడు క్షేమంగా వెళ్ళి వచ్చాడు. అప్పలకొండ తన వాటాలను సగం ధరకే తిరిగి కొన్నాడని, ఈ కథ నాకు మొదట చెప్పిన మా అమ్మమ్మ గవరమ్మ నవ్వకుండా చెప్పింది.