మెంజమ్మ నేలమాళిగలో ఒక గుక్క

ఇది చాలా చిన్న కథ. ఒక పెద్దమనిషి ఒక గుక్క మింగాడు, అంతే. కాకపోతే ఆ గుక్కకు అంత బరువు ఎందుకొచ్చిందో తెలియాలంటే ముందు సాస్‌వెల్ ఊరి సంగతి రెండు మాటలు చెప్పుకోవాలి.

ఆల్ప్స్ కొండల్లో మంచు ఆగిన చోట రాళ్ళు, రాళ్ళు ఆగిన చోట ద్రాక్షతోటలు మొదలయ్యే లోయ అది. తోటలు ఎంత నిటారుగా ఉంటాయంటే, పై తోటవాడు కాలు జారితే కింది తోటవాడితో తగువు ఖాయం. ఊళ్ళో ముప్పై ఇళ్ళు. ఇరవై తొమ్మిదింటికి వైన్ పీపాలు పెట్టుకునే నేలమాళిగలు ఉన్నాయి. ముప్పయ్యోది చర్చి ఫాదర్‌గారిది. ఆయనకు వేరే నేలమాళిగ అక్కర్లేదు, ఇరవై తొమ్మిదీ ఆయనవే. ఎవరి వైన్ వాళ్ళకు ముద్దు. పక్కింటి వైన్ ఎలా ఉందని అడిగితే మాత్రం, "వెనిగర్ అయ్యాక బాగుంటుంది" అంటారు.

అలాంటి లోయకంతటికీ రుచి తీర్పరి కుర్దిన్ గారు. ఏటా వసంతకాలంలో మరో ఇద్దరిని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ముగ్గురిలో ఇద్దరు ఔనంటే ఆ ఇంటికి ముద్ర కాగితం ఇస్తారు, సీసాల మెడకు లోయ ముద్ర పడుతుంది. రుచి చూడడమంటే తాగడం కాదు. నోట్లో పోసుకుని, నాలుక మీద తిప్పి, తమ్మపడిగలో ఉమ్మెయ్యాలి. మింగుతూ పోతే పదో ఇంటికల్లా అన్నీ అమృతమే అవుతాయి గనుక, మింగినవాడు ఆ వైన్ మీద తీర్పు చెప్పకూడదని నియమం. ముప్పై ఒక్క ఏళ్ళలో కుర్దిన్ గారు పని మీద ఒక్క చుక్క మింగలేదు. కూతురి పెళ్ళిలో కూడా అలవాటు కొద్దీ ఉమ్మేశారనీ, అది వియ్యపురాలి చెప్పుల మీద పడిందనీ ఊళ్ళో అంటారు. వియ్యపురాలు ఇంతవరకూ కాదనలేదు.

ఆయనకు ఆ ఏడు కొత్త శిష్యుడు కుదిరాడు. పేరు ఫ్లూరిన్. ఇరవై ఏళ్ళు పోస్టాఫీసులో పనిచేసి, ఉత్తరం విప్పకుండానే లోపల ఏముందో చెప్పగలిగే స్థాయికి ఎదిగి, ఇక అక్కడ నేర్చుకునేదేమీ లేదని రుచి విద్యకు వచ్చాడు. మూడో మనిషి తుమాష్, జున్ను చేస్తాడు. ఆయన భోజనానికి ముందు దేనికీ ఔననడు, భోజనం తర్వాత నిద్రపోతాడు. అందుకే అందరూ ఆయన్ని నిష్పక్షపాతి అంటారు.

ఆ ఉదయం ముగ్గురూ మెంజమ్మ ఇంటికి కొండ ఎక్కుతుండగా ఫ్లూరిన్ ఉండబట్టలేక అడిగాడు.

"గురువుగారూ, ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ లోయలో వైనంతా మీ నోట్లోకి వచ్చింది, పోయింది. మీకు మిగిలిందేమిటి?"

"మెట్లు చూసుకుని నడువు" అన్నారు గురువుగారు.

ఇందులో ఏదో లోతు ఉందనుకుని ఫ్లూరిన్ ఆలోచిస్తూ నడిచాడు. పదిహేనో మెట్టు నిజంగానే ఊడిపోయి ఉంది. మోకాలు చెక్కుకుపోయింది.

మెంజమ్మ అరవై దాటిన ఒంటరి మనిషి. ఆవిడ తోట అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా చిన్నది. రెండేళ్ళుగా ముద్ర రాలేదు. మూడో ఏడూ రాకపోతే ఆవిడ పళ్ళు కింద పట్నంలో అందరి పళ్ళతోపాటు ఒకే తొట్టిలో పడాలి, సీసా మీద ఆవిడ పేరు ఉండకూడదు. లోయ కట్టుబాటు అది. తప్పు తన వైన్‌లో ఉందని ఆవిడ ఒక్కనాడూ అనుకోలేదు. తప్పు ఉమ్మడంలో ఉందని ఆవిడ నమ్మకం.

"మా వైన్ గొంతు దాటాక గానీ నోరు విప్పదు. వాకిట్లోనే తరిమేస్తే ఏం చెబుతుంది?" అంది, నేలమాళిగలో గ్లాసులు నింపుతూ. "మా అమ్మ విరిగిన పాలు పోసినా చుట్టాలు మింగి వెళ్ళేవాళ్ళు."

"చుట్టాలు వేరు, మేము వేరమ్మా" అన్నారు కుర్దిన్ గారు. ముగ్గురూ నోట్లో తిప్పి ఉమ్మేశారు. ఫ్లూరిన్, తుమాష్ చెరొక చీటీ రాసి మడిచారు. గురువుగారిది ఎప్పుడూ రెండో గుక్క తర్వాతే. ఆయన రెండోసారి నోరు నింపుకున్నారు. అప్పుడే మెంజమ్మ తమ్మపడిగను కాలితో బల్ల కిందికి తోసేసి, ఆయన మొహానికి ఎదురుగా కూర్చుంది.

"అవునూ, మీ నాన్నగారు పక్క లోయవాళ్ళ వైన్ కొని మన సీసాల్లో పోసేవారటగా?"

కుర్దిన్ గారు ఎర్రబడ్డారు. కుడివైపు చూశారు, ఎడమవైపు చూశారు. ఎదురుగా ఆడమనిషి. మింగేశారు.

"పచ్చి అబద్ధం! మా నాన్న చచ్చినా..."

అక్కడ ఆగిపోయారు. ఎప్పుడో తప్పిపోయిన ఉత్తరం ముప్పై ఏళ్ళకు చేతికందితే మనుషుల మొహం ఎలా ఉంటుందో ఫ్లూరిన్‌కు తెలుసు. ఇప్పుడు గురువుగారి మొహం అచ్చం అలాగే ఉంది. ఆయన గ్లాసు చాపారు. మెంజమ్మ పోసింది. తాగారు.

చీటీలు విప్పారు. ఫ్లూరిన్ "ఔను" అని రాశాడు, తుమాష్ "కాదు" అని రాశాడు. ఇక గురువుగారి మాటే మిగిలింది. మెంజమ్మ అప్పటికే ముద్ర కాగితం తగిలించడానికి గోడకు మేకు వెతుకుతోంది. కుర్దిన్ గారు కలం తీసి, "నేను మింగాను" అని రాసి సంతకం చేశారు.

మెంజమ్మకు సంగతి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"అయ్యో, మీరెక్కడ మింగారండీ? నోరు తడుపుకున్నారంతే! ఏం ఫ్లూరిన్, నువ్వు చూశావా?"

"నేను కిటికీలోంచి కొండ చూస్తున్నానండీ" అన్నాడు ఫ్లూరిన్. ఆ నేలమాళిగకు కిటికీ లేదు.

"నేను చూశాను" అన్నాడు తుమాష్. ఆయనకు ఆకలేస్తోంది.

ఒకటి ఔను, ఒకటి కాదు, ఒకటి చెల్లదు. మెంజమ్మకు ముద్ర రాలేదు. ఆ ఏటి కోత పళ్ళు ఇక పట్నం తొట్టిలో కలవాల్సిందే.

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. బల్ల కింద నుంచి తమ్మపడిగ తీసి వైన్ కూజా పక్కన పెట్టి, "ఏది కావాలో తీసుకోండి" అంది. కుర్దిన్ గారు కూజా తీసుకున్నారు. అది ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవలేదు.

కొండ దిగుతుంటే ఫ్లూరిన్‌కు కోపం ఆగలేదు.

"ఆవిడ పేరే పోయింది గురువుగారూ! ఇంతకీ అది మంచి వైనేనా, కాదా? అదైనా చెప్పండి."

"ఉమ్మినవాళ్ళను అడుగు" అన్నారు గురువుగారు. "నేను తాగాను."