కరెంటు కారు, చేపల బేరం

రేవూళ్లో కరెంటు కార్లమ్మే దండపాణికి తన మాటకారితనం మీద మహా నమ్మకం. ఆటో కిరాయిలకే సంపాదనంతా పోతోందని, చేపలమ్మే సన్యాసమ్మ ఓరోజు కారు కోసం అతని షాపుకెళ్లింది.

"అప్పు మీద కొనుక్కో. ఎనిమిదేళ్లయినా బ్యాటరీ కొత్తదానిలాగే ఉంటుంది" అన్నాడు దండపాణి.

"మూడేళ్లు అద్దెకిచ్చి, మళ్లీ మీరే తీసుకుంటారటగా?"

"ఇస్తాం గానీ అద్దె ఎక్కువ. మూడేళ్లకి బ్యాటరీ నీరసించిపోతుంది. ఆ డొక్కుబండికి లక్షకి మించి ఒక్క రూపాయి రాదు. ఆ నష్టం అద్దెలో రాబట్టుకోవాలిగా!"

సన్యాసమ్మ బుట్ట దించి తాపీగా కూర్చుంది. "అయ్యో, మీకా బాధెందుకు బాబూ? అద్దెకే తీసుకుంటాను. మూడేళ్లయ్యాక ఆ డొక్కుని లక్షకి నాకే అమ్ముతామని కాగితం రాసివ్వండి."

"లక్షకా! ఇంకా ఐదేళ్లు పరిగెత్తే బండిని?" దండపాణి అరిచేశాడు. షాపులో జనమంతా ఇటు తిరిగారు.

"అయితే అద్దె తగ్గించండి."

దండపాణి అద్దె కాగితం మీద పాత అంకె కొట్టేసి, అందులో సగం రాశాడు.

సన్యాసమ్మ బుట్ట ఎత్తుకుంది. "నేనూ రేవులో కొనేటప్పుడు చేప మెత్తబడిందంటాను బాబూ, సంతలో అమ్మేటప్పుడు తాజాదంటాను. కానీ ఆ రెండు మాటలూ ఒకే మనిషితో అనను."