ఉత్తరీయం మీది మచ్చ

ఒకానొక రాజ్యంలో చాకిరేవు బండ చప్పుడు పగలల్లా ఆగేది కాదు. ఆ రాజ్యాన్ని ఏలే జయకేతు మహారాజు ఉదయం కట్టిన బట్ట మధ్యాహ్నం కట్టడు. మధ్యాహ్నం కట్టింది సాయంత్రం కట్టడు. మాసినా మాయకపోయినా, విడిచిన బట్ట విడిచినట్టు రేవుకి పోవలసిందే. గంజి దట్టంగా పెట్టిన పంచె కట్టుకుని ఆయన నడుస్తుంటే ఎండుటాకుల మీద ఎద్దు నడిచినట్టు చప్పుడయ్యేది.

"రాజుగారు వస్తున్నారని భటులు కేక వెయ్యనక్కర్లేదు, పంచే చెబుతుంది" అని జనం చాటుగా నవ్వుకునేవారు.

ఆ కొలువులో యజ్ఞన్న అని ఒక పెద్దాయన ఉండేవాడు. జయకేతుడి తండ్రి ధర్మకేతుడి కాలం నుంచీ ఉన్నవాడు. హోదా చిన్నది, మాట పదునైనది. రోజూ ఉతికిన నూలు పంచె కట్టి, భుజం మీద ఒక పాత పట్టు ఉత్తరీయం వేసుకుని కొలువుకి వచ్చేవాడు. అది పెద్దరాజుగారు తన భుజం మీంచి తీసి ఆయన భుజం మీద వేసిన బట్ట. వాడగా వాడగా అది వెన్నలా మెత్తబడింది. ఎర్రరంగు పండిన రేగుపండు రంగుకి దిగి, చూసేకొద్దీ చూడాలనిపించేది.

ఒకరోజు పెద్దరాజుగారి దగ్గర పనిచేసిన ముసలి సైనికులు కొందరు ఏదో మనవి చెప్పుకోవడానికి వచ్చారు. సింహాసనం ముందు వంగి దణ్ణం పెట్టారు. అది మర్యాద. కానీ తిరిగి వెళ్ళేటప్పుడు యజ్ఞన్న దగ్గర ఆగి, ఒక్కొక్కరే ఆ ఉత్తరీయం అంచు పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. ఒక ముసలివాడికి కంట నీరు కూడా తిరిగింది.

జయకేతుడికి గొంతులో మిరపగింజ పడ్డట్టయింది. 'నా ఒంటి మీద ఇన్ని వజ్రాలున్నాయి. ఒక్కడూ కళ్ళకద్దుకోడే!'

"యజ్ఞన్నా!" అన్నాడు రాజు. "ఆ గుడ్డ మా నాన్నగారు నీకెందుకిచ్చారు?"

"ఒక శుభవార్త మోసుకొచ్చాను ప్రభూ."

"ఏమిటా వార్త?"

"పాతబడిపోయిన వార్త. ఇప్పుడది అందరికీ తెలిసిందే." యజ్ఞన్న తలవంచుకుని చిన్నగా నవ్వాడు. ఎప్పుడడిగినా అంతే. అంతకు మించి చెప్పడు.

రాజుకి ఇంకా మండింది. "సరే, దాన్ని ఎన్నాళ్ళకోసారి ఉతుకుతావు?"

"ఏడాదికోసారి. ఉగాది ముందు కుంకుడు రసంలో ముంచి తీసి నీడన ఆరేస్తాను. తక్కిన రోజుల్లో ఇంటికి వెళ్ళగానే దండెం మీద వేసి గాలికి వదిలేస్తాను."

"ఏడాదికోసారా! ఛీ! ఛీ!"

"పంచె రోజూ ఉతుకుతాను మహారాజా. అది చెమట పీలుస్తుంది. ఇది భుజం మీద ఊరికే కూర్చుంటుంది, కొలువులో మాలాంటి ఉద్యోగులలాగా. పట్టుని తీసుకెళ్ళి బండకేసి బాదితే మురికి పోదు, పట్టే పోతుంది."

సభ గొల్లుమంది. అప్పుడే గాలి విసురుకి ఉత్తరీయం మడత విడింది. లోపలివైపు తమలపాకంత మచ్చ ఒకటి, పసుపచ్చగా, పైకి తేలింది. యజ్ఞన్న గబుక్కున మడత సర్దుకున్నాడు.

"ఆ మచ్చేమిటి?" రాజు కళ్ళు మెరిశాయి.

"అది ఎన్నిసార్లు ఉతికినా పోదు ప్రభూ."

"పోదా, పోగొట్టవా? మురికి గుడ్డ కప్పుకుని కొలువుకి రావడం, దానికి నలుగురి చేతా మొక్కించుకోవడం! బాగుంది వరస!"

ఆ పూట రాజుకి అన్నం సయించలేదు. అద్దం ముందు నిలబడి, ఒకదాని తరవాత ఒకటి కొత్త ఉత్తరీయాలు భుజాన వేసుకుని చూసుకున్నాడు. ప్రతిదీ రేకులా నిక్కబొడుచుకుని నిలబడిందే గాని భుజాన్ని పట్టుకుని కూర్చోలేదు. 'నాన్న నాకు కోట ఇచ్చాడు, కత్తి ఇచ్చాడు, పట్టపుటేనుగుని ఇచ్చాడు. ఒంటిమీది బట్ట మాత్రం వీడికిచ్చాడు. నాకంటే వీడెక్కువా?' ఆ ఒక్క మాట లోపల పురుగులా తొలిచేసింది.

మర్నాడే ఊళ్ళో దండోరా వేయించాడు.

"ఒకసారి ఒంటిని తాకిన బట్టను రేవుబండ మీద ఉతక్కుండా రెండోసారి కట్టి ఎవరూ కొలువుకి రాకూడదహో! వచ్చినవారి బట్టను అక్కడికక్కడే బండకేసి ఉతికిస్తామహో! కాదన్నవారిని కొలువు నుంచి వెళ్ళగొడతామహో!"

ఈ ఆజ్ఞ ఎవరి కోసం పుట్టిందో అందరికీ తెలుసు. ఆ వారంలోనే పట్టాభిషేక దినం వస్తోంది. రాజవంశంలో ఏటేటా జరిగే పండుగ అది. ఆనాడు రాజులిచ్చిన బహుమాన వస్త్రాలను తప్పకుండా ధరించి రావాలి. ధరించకపోతే ఇచ్చిన రాజును అవమానించినట్టు. అంటే ఉత్తరీయం వేసుకొస్తే బండ, వేసుకురాకపోతే బహిష్కారం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇంట్లో యజ్ఞన్న భార్య సూరమ్మ ఉత్తరీయాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"బండ మీద నాలుగు దెబ్బలు తింటే ఇది పీలికలైపోతుందండీ. పట్టు చివికిపోయి ఉంది."

"తెలుసు."

"ఆ మచ్చ సంగతి రాజుగారికి చెప్పెయ్యరాదూ? ఒక్క మాటతో పోయేదానికి!"

"ఎట్లా చెబుతానే? నలుగురిలో చెబితే ఆయన పరువేం కావాలి? చాటుగా చెబితే, గుడ్డ కాపాడుకోవడానికి కట్టుకథ అల్లానంటాడు. అసూయ పట్టినవాడికి నిజం చెవికెక్కదు. ముందు ఆయన నోటితో ఆయనే ఒప్పుకోవాలి."

"నిజం చెప్పనా? నాక్కూడా ఈ గుడ్డంటే అసూయేనండోయ్. ఎండ తగలనివ్వరు, వాన తగలనివ్వరు. నన్నెప్పుడైనా ఇంత పదిలంగా చూశారా?"

"నిన్ను దండెం మీద ఆరెయ్యలేను గదా" అన్నాడు యజ్ఞన్న. సూరమ్మ నవ్వింది గాని, ఉత్తరీయాన్ని ఒకటికి రెండుసార్లు సర్ది మడతపెట్టింది.

పండుగనాడు సభ కిటకిటలాడింది. తెర వెనక రాజమాత చంద్రాంబ కూర్చుంది. ముంగిట్లోకి చాకిరేవు బండనే మోయించుకొచ్చారు. పక్కన నీళ్ళ బాన, చౌడుమట్టి గంప. రాజుగారి చాకలి లచ్చన్న ముఖం వేలాడేసుకుని నిలబడ్డాడు. పెద్దరాజుగారి బట్టను బాదాలంటే వాడికి మనసొప్పలేదు.

యజ్ఞన్న ఉత్తరీయం వేసుకునే వచ్చాడు.

"వచ్చావా!" రాజు సింహాసనం మీద ముందుకి జరిగాడు. "నిన్న మొన్న వేసుకున్నదే గదా అది? ఉతికావా?"

"లేదు ప్రభూ."

"ఆజ్ఞ విన్నావా?"

"విన్నాను. తమ ఆజ్ఞ శిరసావహించడానికే వచ్చాను. లచ్చన్నా, ఇదిగో." యజ్ఞన్న ఉత్తరీయం తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. సభలో ముసలివాళ్ళు కొందరు తల పక్కకి తిప్పుకున్నారు. రాజు ముఖం మాత్రం పండుగ దీపంలా వెలిగింది.

లచ్చన్న చెయ్యి చాచబోతుంటే యజ్ఞన్న ఆగాడు.

"ఒక్క సందేహం మహారాజా. కొలువులో తాంబూలం ముందెవరికిస్తారు?"

"రాజుకి."

"గంధం?"

"రాజుకే. ఎందుకీ ప్రశ్నలు?"

"పండుగనాడు మీకంటే ముందు నా బట్ట ఉతికించుకుంటే మర్యాద తప్పినవాణ్ణవుతాను. ముందు తమది కానివ్వండి."

రాజు విరగబడి నవ్వాడు. "నావా! పిచ్చివాడా, నా బట్టలు పూటపూటకీ ఉతికినవే. కావాలంటే లచ్చన్నని అడుగు."

"లచ్చన్నా, రాజుగారి పంచె ఉతికావా?"

"ఉతికానండి."

"లోపలి చొక్కా?"

"ఉతికానండి."

"పైన తొడుక్కున్న ఆ జరీ నిలువుటంగీ?"

లచ్చన్న నీళ్ళు నమిలాడు. రాజు వైపు చూశాడు, బండ వైపు చూశాడు. "అది... అది అబిషేకం అంగీ అండి. మా తాత ముత్తాతలు కూడా దాని మీద చెయ్యి వెయ్యలేదండి."

వంశంలో ప్రతి రాజూ పట్టాభిషేకానికి తొడుక్కున్న అంగీ అది. ఏటా ఈ ఒక్క రోజే భోషాణంలోంచి తీస్తారు, మళ్ళీ భోషాణంలో పెడతారు. పుట్టి బుద్ధెరిగాక దాన్ని ఉతికే బట్టల్లో లెక్కవెయ్యాలని జయకేతుడికి తోచనే లేదు.

"నిరుడు కూడా ఇదే తొడుక్కున్నారు కదా ప్రభూ" అన్నాడు యజ్ఞన్న వినయంగా. "ఒంటిని తాకింది, ఉతకలేదు, రెండోసారి కొలువుకొచ్చింది. లచ్చన్నా, బండ తడుపు."

"ఆగు!" రాజు రెండు చేతులతో అంగీని పొదివి పట్టుకున్నాడు. "దీన్ని ఉతుకుతావా? ఇదిగో, ఈ మచ్చ మా ముత్తాతగారి అభిషేకంలో పడ్డ పసుపునీళ్ళది. ఇది మా తాతగారి గంధం. ఇక్కడ, ఈ చేతి దగ్గర, మా నాన్నగారి కుంకుమ. ఇవి మురికి కావు! పెద్దల గుర్తులు! వీటిని కడిగేస్తే నాకింకేం మిగులుతుంది?"

"అంటే కొన్ని బట్టలు ఉతకకుండా కట్టుకోవచ్చన్నమాట."

"కట్టుకోవచ్చు!"

"మచ్చ ఉన్నంత మాత్రాన మురికి కాదన్నమాట."

"కాదు! కానే కాదు!"

అన్నాక రాజు నాలుక కరుచుకున్నాడు. కానీ అసూయ అంత తేలిగ్గా చావదు. "నావి అభిషేకం మచ్చలు. నీ గుడ్డ మీది ఆ పచ్చమచ్చ ఏమిటి? అదీ అభిషేకమేనా?" అన్నాడు వెటకారంగా.

"అభిషేకమే ప్రభూ" అన్నాడు యజ్ఞన్న.

"ఎవరిది? ఎవరు చేశారు?"

యజ్ఞన్న తెర వైపు చూశాడు. తెర వెనక గాజుల చప్పుడు, ఆ తరవాత పట్టలేని నవ్వు వినిపించాయి. రాజమాత తెర తొలగించి బయటికొచ్చింది.

"చెప్పెయ్యండి యజ్ఞన్నగారూ. ఇన్నాళ్ళూ నోరు కట్టుకున్నది చాలు. లేదా నేనే చెబుతాను. నాయనా జయా, నువ్వు పుట్టినప్పుడు మీ నాన్నగారు కోట గోడ మీద ఉన్నారు. కొడుకు పుట్టాడని పరుగెత్తుకెళ్ళి చెప్పింది ఈయన. అట్లాంటి వార్త తెచ్చినవాడికి ఒంటిమీది బట్ట ఇవ్వడం మన వంశాచారం. 'ఇస్తాను, ముందు నా కొడుకుని చూడనీ' అంటూ మీ నాన్నగారు వచ్చి, నిన్ను ఆ ఉత్తరీయంలోనే ఎత్తుకున్నారు."

"ఎత్తుకుంటే?" అన్నాడు రాజు.

"ఎత్తుకున్నవాడేమో పెద్దవాడు, ఎత్తుకోబడ్డవాడేమో పసివాడు. పసివాళ్ళు ఏం చేస్తారు? నువ్వూ అదే చేశావు."

సభలో ఎవరో కిసుక్కుమని వెంటనే నోరు మూసుకున్నారు.

"అంతఃపురం అదిరేలా నవ్వారు మీ నాన్నగారు. 'నాకు పట్టాభిషేకం ఇప్పుడయిందే! నా కొడుకే చేశాడు!' అన్నారు. ఆ తడి ఆరకుండానే ఈయన భుజాన వేసి, 'నువ్వు తెచ్చిన వార్త నిజమని ఇదిగో రాజముద్ర' అన్నారు."

జయకేతుడికి ముఖం చెవుల దాకా ఎర్రబడింది. మురికి, మురికి అని సభలో తను అరిచిన అరుపులన్నీ తిరిగొచ్చి తన చెవిలోనే పడ్డాయి. కానీ ఆ వెనకే ఇంకొకటి కూడా లోపలికి దిగింది. తండ్రి ఆ బట్టను తనకంటే ఎక్కువవాడికి ఇవ్వలేదు. తను పుట్టిన సంతోషాన్నే తీసి ఒకరికి కప్పాడు.

"ఇంతకాలం ఎందుకు చెప్పలేదు యజ్ఞన్నా?"

"తమరు సింహాసనం మీద కూర్చున్నాక, తమరు తడిపిన సంగతి చాటడం నా ఉద్యోగం కాదు ప్రభూ. అందుకే మచ్చని లోపలికి మడుచుకుని తిరిగాను. గాలి వినలేదు."

రాజు ముందు చిన్నగా నవ్వాడు. తరవాత ఆపుకోలేక పెద్దగా నవ్వాడు. సింహాసనం దిగి యజ్ఞన్న ముందుకొచ్చి, చిన్నపిల్లవాడిలా అడిగాడు.

"ఒక్కసారి... ఒక్కసారి నా భుజాన వెయ్యవా?"

యజ్ఞన్న ఆ ఉత్తరీయాన్ని విప్పి రాజు భుజాల మీద కప్పాడు. అది నిక్కబొడుచుకోలేదు. మెత్తగా ఒదిగి కూర్చుంది. రాజు అంచు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

అప్పుడు యజ్ఞన్న గొంతు తగ్గించి, అయినా సభంతటికీ వినపడేలా అన్నాడు.

"ఈసారి పొడిగానే తిరిగిస్తారు గదా ప్రభూ?"

సభ పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది రాజే. ముత్యాల హారం తీసి యజ్ఞన్న మెడలో వేశాడు. పెద్దరాజుగారి ఉత్తరీయాన్ని తన చేతులతో మడిచి, మచ్చ పైకి కనిపించేలా మడిచి, ఆయన భుజాన పెట్టాడు. "ఇక దీన్ని దాచకు" అన్నాడు.

పాత దండోరా రద్దయింది. కొత్తది వేశారు: చెమట పట్టిన బట్టను రోజూ ఉతుక్కోండి, పట్టని బట్టను గాలికి ఆరేసుకోండి, పెద్దల ప్రేమ పట్టిన బట్ట జోలికి మాత్రం పోకండి.

ఆ సాయంత్రం రాజుగారు ఉదయం కట్టిన పంచెతోనే తోటలో తిరిగారు. గంజి మెత్తబడి చప్పుడు చెయ్యలేదు. చాకిరేవులో లచ్చన్న, ఎన్నో ఏళ్ళ తరవాత, ఆరిన బండ మీద కాళ్ళు చాపుకుని కూర్చుని పొద్దుగూకడం చూశాడు.